టాజియో నువోలారి

టాజియో జార్జియో నువోలారి (నవంబర్ 16, 1892 - ఆగష్టు 11, 1953) ఇటలీ దేశానికి చెందిన సుప్రసిద్ధ మోటారు సైకిలు, కారు పందేల చోదకుడు. రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలంలో ఐరోపాలో జరిగిన పెద్ద పందేలలో చాలావాటిని ఈయన గెలుచుకున్నాడు. ఉత్తర ఇటలీలోని మాంటువా ప్రాంతంవాడు కావడం వల్ల ఎగిరే మాంటువావాసి అని అర్థం వచ్చే బిరుదుతో ప్రసిద్ధుడయ్యాడు. అభిమానులు ముద్దుగా నివోలా అని పిలిచేవారు. మనిషి పొట్టి, బక్కపలుచన. పందెంలో ఎప్పుడూ పసుపుపచ్చ చొక్కా, నీలిరంగు లాగు ధరించేవాడు. కొండలలో మెలికలు తిరుగుతూ పోయే రహదారులమీద జరిగిన పందేలే ఈయన కీర్తికి ప్రధాన కారణం. మొదటి పెద్ద విజయాలు, చిట్టచివరి పందెం కూడ అటువంటి దారులమీదనే జరిగాయి.

నేపథ్యం

నేటి కారు పందేలు చూసేవారికి ఆనాటి పందేల స్వరూపం ఊహకు అందడం కష్టం. 1920లలో, 1930లలో ఇటలీలోని ముఖ్యమైన పందేలు చాలావరకు ప్రజలు నిత్యం వాడుకునే రహదారులమీదనే జరిగేవి. పందెం రోజున దారి మూసివేసేవారు, అంతే. కొండ ప్రాంతాలలో చాలా దారులకు తారు లేదు. కంకర, దుమ్ము, వాన పడితే బురద. ఒకవైపు కొండ, మరొకవైపు లోయ, మధ్యలో అక్కడక్కడ పాతిన రాళ్ళు తప్ప అడ్డుగోడ ఉండేది కాదు. ఊళ్ళ మధ్యనుండి కార్లు పోతుంటే జనం దారి అంచునే నిలబడి చూసేవారు.

కార్లు కూడ నేటివాటివంటివి కావు. సన్నని టైర్లు, ఎడ్లబండి ఇరుసును తలపించే నిలువెడల్పు ఇరుసులు, బిగువైన కమాను పట్టీలు ఉండేవి. బ్రేకులు కడ్డీలతోనో ఇనుప తీగలతోనో పనిచేసేవి. కొండ దిగేటపుడు అవి వేడెక్కి పట్టు కోల్పోయేవి. కనుక దిగుడులో వేగం తగ్గించడానికి చోదకుడు ఎక్కువగా గేర్లనే నమ్ముకోవలసి వచ్చేది. చోదకుడిని కారుకు కట్టి ఉంచే పట్టీ లేదు, తలకు గుడ్డ టోపీ తప్ప రక్షణ లేదు. దూరపు పందేలలో పక్కన ఒక మెకానిక్కు కూర్చునేవాడు. టైరు మార్చడం, దారిలో చెడినదానిని బాగుచేయడం అతని పని. కారు లోయలో పడితే చోదకుడితోపాటు అతనూ పడవలసిందే.

బాల్యం, యవ్వనం

నువోలారి 1892 నవంబర్ 16న మాంటువా దగ్గరలోని కాస్తెల్ దారియో అనే చిన్న ఊరిలో జన్మించాడు. తండ్రి అర్తూరో వ్యవసాయదారుడు, సైకిలు పందేలలో పాల్గొన్నవాడు. పినతండ్రి జుసెప్పె సైకిలు పందేలలో జాతీయ స్థాయిలో పేరు పొందినవాడు. పిల్లవాడైన టాజియోకు ఆయనంటే ఎంతో ఆరాధన. పందేలపట్ల ఆసక్తి ఈ ఇంటి వాతావరణంనుండే వచ్చిందని చెప్పవచ్చు.

1915లో మోటారు సైకిలు పందేలకు అనుమతి పత్రం పొందాడు గాని వెంటనే మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ ప్రవేశించడంతో సైన్యంలో బండ్లు నడిపే పనికి వెళ్ళవలసి వచ్చింది. ఆ రోజులలో ఒక అధికారి, బండి నడపడం నీకు సరిపడే పని కాదు, మానుకొమ్మని సలహా ఇచ్చాడని ఒక కథ ప్రచారంలో ఉంది. 1917లో కరోలినా పెరీనాతో వివాహం జరిగింది. జార్జియో, అల్బెర్టో అని ఇద్దరు కుమారులు కలిగారు.

మోటారు సైకిలు పందేలు

నువోలారి పందెపు జీవితం నిజానికి ఆలస్యంగా మొదలయింది. మొదటి మోటారు సైకిలు పందెంలో పాల్గొన్నది 1920లో, ఇరవై ఏడేళ్ళ వయసులో. మరుసటి సంవత్సరం వెరోనాలో ఒక కారు పోటీ గెలిచినప్పటికీ తరువాతి కొన్నేళ్ళు ప్రధానంగా మోటారు సైకిళ్ళమీదనే గడిచాయి. బియాంకి సంస్థవారి 350 సి.సి. బండిమీద 1925లో ఐరోపా విజేత అయ్యాడు. కోమో సరస్సు పక్కనున్న కొండలలో లారియో పందెం అని ఒకటి జరిగేది. ఎక్కుళ్ళు, దిగుళ్ళు, మలుపులతో నిండిన ఆ మట్టిదారి మీద 1925 నుండి 1929 వరకు 350 సి.సి. విభాగంలో వరుసగా ఐదుసార్లు గెలిచాడు. కొండదారి మలుపును చూడకముందే దాని స్వభావాన్ని పసిగట్టే నేర్పు ఈయనకు ఇక్కడే అలవడి ఉండాలి.

1925 వేసవిలో ఆల్ఫా రోమియో సంస్థ చోదకుడు అంటోనియో అస్కారి ఫ్రాన్సులో పందెంలో మరణించాడు. ఆ ఖాళీ భర్తీకి నువోలారిని మోంజా పందెపు బాటలో పి2 కారుమీద పరీక్షించారు. పరీక్షలో కారు అదుపు తప్పి నువోలారి తీవ్రంగా గాయపడ్డాడు. ఉద్యోగం రాలేదు. అయితే కొద్ది రోజులకే అదే మోంజాలో జరిగిన మోటారు సైకిలు పందెానికి ఒళ్ళంతా కట్లతో వచ్చాడు. బండిమీద వంగి కూర్చునే భంగిమలోనే కట్లు బిగించమని వైద్యులను కోరాడని, మెకానిక్కులు ఎత్తి బండిమీద కూర్చోబెట్టారని చెబుతారు. వానలో జరిగిన ఆ పందెం గెలిచాడు.

కార్ల పందేలు - వార్జీతో పోటీ

1928లో నువోలారి బుగాట్టి కార్లు కొని తన పేరనే ఒక జట్టు ఏర్పాటు చేశాడు. అందులో భాగస్వామి అకిల్లె వార్జీ. ఇతడూ మోటారు సైకిలు పందేలనుండి వచ్చినవాడే. ఆ సంవత్సరం ట్రిపోలిలో జరిగిన పందెం నువోలారి గెలిచాడు. అయితే ఒకే జట్టులో రెండవ స్థానానికి వార్జీ ఒప్పుకునేవాడు కాదు. త్వరలోనే ఆల్ఫా రోమియో పి2 కారు కొనుక్కొని విడిపోయాడు. అప్పటినుండి ఇటలీ అభిమానులు రెండు పక్షాలుగా చీలిపోయారు. వార్జీ నిదానస్తుడు, కారును గీత గీసినట్లు నడిపేవాడు, ప్రమాదాలు చాలా తక్కువ. నువోలారి కారును జారనిచ్చి, కుదిపి, అవసరమైతే విరగగొట్టి ముందుకు పోయేవాడు. ఎవరు గొప్ప అన్న వాదన ఇటలీలో ఈనాటికీ తెగలేదు. లెక్కలు చూస్తే ఇద్దరూ ఒకరికొకరు తీసిపోరు. జనం మాత్రం నువోలారినే ఎక్కువ ప్రేమించారు.

1930 మిల్లె మిల్యా

మిల్లె మిల్యా అంటే వేయి మైళ్ళు. బ్రెషియా నగరానికి చెందిన నలుగురు కారు ప్రియులు 1927లో దీనిని ప్రారంభించారు. బ్రెషియానుండి రోముకు పోయి తిరిగి బ్రెషియాకు చేరాలి. మధ్యలో ఆగి నిద్రపోయే వీలు లేదు. కార్లు ఒకదాని తరువాత ఒకటి నియమిత వ్యవధిలో బయలుదేరేవి. అందువల్ల దారిలో ఎవరు ముందున్నారన్నది కాక, ఎవరికి తక్కువ కాలం పట్టిందన్నదే లెక్క. బొలోన్యా, ఫ్లోరెన్సు నగరాల మధ్య అపెన్నైన్ పర్వతాలను దాటవలసి ఉంటుంది. ఇక్కడి రాతికోజా కనుమ ఎత్తు 968 మీటర్లు, ఫూతా కనుమ ఎత్తు 903 మీటర్లు. ఎత్తు మరీ ఎక్కువ కాకపోయినా ఎడతెగని మలుపులవల్ల ఈ ఘాట్ రోడ్డే పందెాన్ని తేల్చివేస్తుందని చోదకులు భావించేవారు. మైదానంలో గుర్రపుశక్తి ఎక్కువున్న కారు ముందుంటుంది, కనుమలో చోదకుడి చేయి ముందుంటుంది.

1930 ఏప్రిల్‌లో నువోలారి, గ్విదొత్తి జంట ఆల్ఫా రోమియో 6సి 1750 కారులో పోటీచేసింది. విత్తోరియో యానో రూపకల్పన చేసిన ఈ చిన్న కారు తేలికైనది, కొండదారులకు అనువైనది. వార్జీ కూడ అదే రకం కారులో నువోలారికంటే పది నిమిషాలు ముందుగా బయలుదేరాడు. చివరి రాత్రి గడుస్తుండగా నువోలారి కారు వార్జీ కారును సమీపించింది. వెనుక దీపాల వెలుగు కనబడితే వార్జీ వేగం పెంచుతాడని నువోలారి తన కారు దీపాలు ఆర్పివేసి, చీకటిలో చాలా దూరం వెంబడించి, హఠాత్తుగా దీపాలు వెలిగించి దాటిపోయాడన్నది మోటారు పందేల చరిత్రలోకెల్లా ప్రసిద్ధమైన కథ. ఇందులో కొంత అతిశయోక్తి ఉంది. పది నిమిషాలు వెనుక బయలుదేరినవాడు వార్జీని కంటితో చూడగలిగాడంటేనే కాలం లెక్కలో అప్పటికే చాలా ముందున్నట్లు. గెలవడానికి దాటవలసిన అవసరమే లేదు. ప్రత్యర్థిని దారిమీద కూడ ఓడించాలన్న పంతమే ఈ కథలోని అసలు సంగతి. 16 గంటల 18 నిమిషాలకు పైబడిన కాలంలో పందెం పూర్తయింది. సగటు వేగం మొదటిసారిగా గంటకు 100 కి.మీ. దాటింది.

చోదన పద్ధతి

మలుపులలో నువోలారి ఏమి చేసేవాడన్నదానికి విలువైన సాక్ష్యం ఎంజో ఫెరారీది. తరువాతి కాలంలో తన పేర కార్లు తయారుచేసిన ఈ ఫెరారీ అప్పట్లో ఆల్ఫా రోమియో కార్లతో పందెపు జట్టు నడిపేవాడు, స్వయంగా చోదకుడు. 1931 ఆగష్టులో అపెన్నైన్ కొండలలో మూడు జిల్లాల పందెం అనే పోటీ జరిగింది. దానికి ముందు అభ్యాసంలో ఫెరారీ, నువోలారి పక్కన కూర్చొని ఆ దారి చుట్టివచ్చాడు.

మొదటి మలుపులోనే కారు గుంటలో పడుతుందని నిశ్చయించుకొని ఫెరారీ బిగుసుకుపోయాడట. కారు పడలేదు. నువోలారి ముఖం చూస్తే ఏ ఆందోళనా లేదు. రెండవ మలుపు, మూడవ మలుపు కూడ అలాగే గడిచాయి. నాలుగైదు మలుపులు దాటిన తరువాత సంగతి అర్థమయింది. సాధారణ చోదకుడు మలుపు దగ్గరకు వచ్చి, వేగం తగ్గించి, అప్పుడు చక్రం తిప్పుతాడు. నువోలారి చాలా ముందుగానే కారు ముక్కును మలుపు లోపలి అంచువైపు గురిపెట్టేవాడు. తగిన గేరు వేసి, వేగం పెంచే మీటమీదనుండి కాలు తీయకుండానే కారును నాలుగు చక్రాలమీద పక్కకు జారనిచ్చేవాడు. జారుతున్న కారును బయటికి నెట్టే బలమూ, వెనుక చక్రాలు ముందుకు తోసే బలమూ ఒకదానినొకటి సరిపెట్టుకునేవి. మలుపు ముగిసేసరికి కారు ముక్కు తిన్నని దారివైపు తిరిగే ఉండేది. కనుక చక్రం తిరిగి సరిచేయవలసిన పని ఉండేది కాదు, వేగమూ నష్టపోయేది కాదు.

ఈ పద్ధతిని కనిపెట్టింది నువోలారియే అని కొందరు వ్రాస్తారు. అది రుజువు చేయడం కష్టం. సన్నని టైర్లతో కంకర దారిపై వేగంగా పోయేవారందరికీ జారడం అనుభవమే. జారడాన్ని ప్రమాదంగా కాక పనిముట్టుగా వాడుకోవడంలో ఈయనను మించినవారు లేరనడంలో మాత్రం సందేహం లేదు. నాటి పందెంలో నువోలారి మొదటివాడు, ఫెరారీ రెండవవాడు అయ్యారు. చోదకుడుగా ఫెరారీకి అదే చివరి పందెం.

టార్గా ఫ్లోరియో

సిసిలీ ద్వీపంలో మదోనియె పర్వతాల చుట్టూ జరిగే టార్గా ఫ్లోరియో 1906లో ప్రారంభమయింది. విన్చెంజో ఫ్లోరియో అనే సంపన్నుడు దీని స్థాపకుడు. 1931 మే నెలలో వానలకు దారి దెబ్బతినడంతో నిర్వాహకులు పాతదైన పెద్ద చుట్టును ఎంచుకున్నారు. ఒక్కొక్క చుట్టు 146 కి.మీ., అటువంటివి నాలుగు. పందెం రోజున కూడ వాన పడి దారి బురదమయమయింది. వార్జీ బుగాట్టి కారు వేగంలో మిన్న, కాని దానికి చక్రాలమీద బురద రేకులు లేవు. బురద ఎగిరి కళ్ళద్దాలమీద, ముఖంమీద పడి దారి కనిపించక అతడు వెనుకబడ్డాడు. ఆల్ఫా రోమియో కార్లకు ముందుచూపుతో రేకులు బిగించి ఉంచారు. నువోలారి గెలిచాడు. ఇంత చిన్న రేకు ముక్క అంత పెద్ద పందెాన్ని నిర్ణయించడం కొండదారుల పందేలలో కొత్త ఏమీ కాదు.

1932లో పందెం 72 కి.మీ. పొడవుగల చిన్న చుట్టుకు మారింది. ఆ ఒక్క చుట్టులోనే 800కు పైగా మలుపులు ఉంటాయని చెబుతారు. ఎనిమిది చుట్లు పూర్తిచేయడానికి నువోలారికి ఏడుంబావు గంటలు పట్టింది. సగటు వేగం గంటకు 80 కి.మీ.కు కొంచెం తక్కువ. ఈ పందెంలో పక్కన కూర్చున్న మెకానిక్కు మాంబెల్లి గురించి ఫెరారీ ఒక ముచ్చట చెప్పేవాడు. మలుపులోకి మరీ వేగంగా వచ్చానని అనిపిస్తే తాను కేక వేస్తానని, వెంటనే కారు అడుగుభాగంలోకి ముడుచుకోవాలని నువోలారి ముందుగా చెప్పాడట. పందెం తరువాత ఎలా జరిగిందని అడిగితే, మొదటి మలుపులో మొదలైన కేక చివరి మలుపుదాకా ఆగలేదని, తాను ఆసాంతం అడుగుననే ఉండి దారి చూడనేలేదని మాంబెల్లి జవాబిచ్చాడట.

ఆ సంవత్సరమే ఏప్రిల్ 28న కవి గాబ్రియేలె దనున్సియో నువోలారికి బంగారు తాబేలు బొమ్మ ఒకటి బహూకరించాడు. అత్యంత వేగవంతుడైన మనిషికి అత్యంత నిదానమైన జంతువు కానుక అన్నది భావం. నువోలారి దానిని శుభచిహ్నంగా భావించి పసుపుపచ్చ చొక్కామీద ధరించేవాడు. 1932లో మొనాకో, ఇటలీ, ఫ్రాన్సు గ్రాండ్ ప్రి పందేలు కూడ గెలిచి ఐరోపా విజేతగా నిలిచాడు.

1933, 1934

1933లో మిల్లె మిల్యాను రెండవసారి గెలిచాడు. ఫ్రాన్సులోని 24 గంటల ల మాన్ పందెాన్ని రేమండ్ సొమ్మేర్‌తో కలిసి సుమారు పది సెకన్ల తేడాతో గెలిచాడు. ఉత్తర ఐర్లాండులో టూరిస్ట్ ట్రోఫీ పందెాన్ని అంతకుముందు అలవాటులేని బ్రిటిషు ఎం.జి. కారుతో గెలిచాడు. కారు నిర్వహణ విషయంలో ఫెరారీతో విభేదించి ఆ సంవత్సరం మధ్యలోనే మాసెరాటి కార్లకు మారాడు.

అయితే ఆ సంవత్సరం సెప్టెంబర్ 10 నువోలారికి మరచిపోరాని దుర్దినం. మోంజాలో ఉదయం ఇటలీ గ్రాండ్ ప్రి, మధ్యాహ్నం మరొక పందెం జరిగాయి. మధ్యాహ్నపు పందెంలో జుసెప్పె కంపారి, బోర్జాకీని, చైకోవ్‌స్కీ ముగ్గురూ మరణించారు. వారిలో బోర్జాకీని నువోలారికి ఆప్తమిత్రుడు, టార్గా ఫ్లోరియోలో రెండు సంవత్సరాలూ ఈయన వెనుక రెండవ స్థానంలో వచ్చినవాడు. తల్లిదండ్రులు రష్యా విప్లవకారుడు బకూనిన్ మీది అభిమానంతో అతనికి బకోనిన్ అని పేరు పెడితే, ఫాసిస్టు ప్రభుత్వ కాలంలో ఆ పేరు పనికిరాదని మారియో ఉంబెర్టోగా మార్చుకోవలసి వచ్చింది. అభిమానులు మాత్రం పాత పేరునే వాడుతూ వచ్చారు.

1934 ఏప్రిల్‌లో అలెస్సాండ్రియాలో వానలో జరిగిన పందెంలో నువోలారి కాలు విరిగింది. సుమారు ఐదు వారాలకు బెర్లిను ఆవుస్ పందెానికి కాలు కట్టులోనే ఉండగా వచ్చాడు. మూడు మీటలనూ ఎడమ కాలితోనే తొక్కే విధంగా కారును మార్పించుకొని ఐదవ స్థానంలో ముగించాడు.

1935 జర్మనీ గ్రాండ్ ప్రి

నువోలారి విజయాలలో అన్నిటికంటే గొప్పదిగా దీనిని పరిగణిస్తారు. జర్మనీలోని ఐఫెల్ కొండలలో 1927లో ప్రారంభమయిన న్యూర్బుర్గ్‌రింగ్ బాట పేరుకు పందెపు బాటే అయినా స్వభావంలో కొండదారే. 22.8 కి.మీ. చుట్టులో 170కి పైగా మలుపులు, సుమారు 300 మీటర్ల ఎత్తుపల్లాలు ఉన్నాయి. అప్పటికి మెర్సిడెస్ బెంజ్, ఆటో యూనియన్ సంస్థలు నాజీ ప్రభుత్వ ధనసహాయంతో తయారుచేసిన కార్లు అజేయంగా ఉన్నాయి. నువోలారి మళ్ళీ ఫెరారీ జట్టులో చేరి ఉన్నాడు. చేతిలో ఉన్నది పాతబడిన ఆల్ఫా రోమియో పి3. శక్తిలో జర్మను కార్లకు సరితూగదు. వయసు 42 సంవత్సరాలు.

జూలై 28న దారి తడిగా ఉంది. తడిదారిలో గుర్రపుశక్తి అంతగా అక్కరకు రాదు. పదవ చుట్టుకు నువోలారి ముందంజ వేశాడు. అప్పుడు ఇంధనం నింపుకోవడానికి ఆగితే పంపు చెడిపోయి, డబ్బాలతో పోయవలసి రావడంతో రెండు నిమిషాలకు పైగా కాలం వృథా అయింది. తిరిగి బయలుదేరేసరికి ఆరవ స్థానం. ఒక్కొక్కరినే దాటుకుంటూ రెండవ స్థానానికి చేరాడు. చివరి చుట్టు మొదలయినపుడు మెర్సిడెస్ చోదకుడు మాన్‌ఫ్రెడ్ ఫాన్ బ్రౌకిచ్ సుమారు అరనిమిషం ముందున్నాడు. వెంటాడే నువోలారి వల్ల అతడు టైర్లను లెక్కచేయకుండా నడపవలసి వచ్చింది. అప్పటికే అరిగిపోయిన టైరు గమ్యానికి కొద్ది దూరంలో పగిలిపోయింది. నువోలారి మొదటివాడుగా గీత దాటాడు. తరువాతి స్థానాలలో వచ్చినవారు స్టుక్, కరాచియోలా మొదలైన జర్మను కార్ల చోదకులే. జర్మనీ విజయం ఖాయమనుకొని వచ్చిన ప్రభుత్వ పెద్దలు నివ్వెరపోయారు. నిర్వాహకులవద్ద ఇటలీ జాతీయగీతం రికార్డు లేకపోతే నువోలారి తన వెంట తెచ్చుకున్నదే ఇచ్చాడన్న కథ కూడ ఉంది, కాని దానిని కథగానే తీసుకోవడం మంచిది. బ్రౌకిచ్ టైరు పగలడం అదృష్టం అనేవారున్నారు. ఆ టైరు ఎవరివల్ల అరిగిందో వారు చెప్పరు.

1936లో అమెరికా వెళ్ళి న్యూయార్కు సమీపంలో వాండర్‌బిల్ట్ కప్ గెలిచాడు.

కుటుంబం, ఆటో యూనియన్

1937లో మళ్ళీ అమెరికాకు ఓడలో వెళుతుండగా పెద్ద కుమారుడు జార్జియో గుండె కండరాల వ్యాధితో మరణించిన వార్త చేరింది. ఆ పిల్లవాడికి ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. 1938లో ఫ్రాన్సులోని పో పట్టణంలో అభ్యాసంలో ఆల్ఫా రోమియో కారుకు నిప్పంటుకొని నువోలారికి కాలిన గాయాలయ్యాయి. ఆ సంస్థ కార్లు ఇక నడపనని నిశ్చయించుకున్నాడు.

అదే సంవత్సరం జనవరిలో బెర్న్ట్ రోజ్‌మేయర్ మరణంతో ఆటో యూనియన్ జట్టు ప్రధాన చోదకుడిని కోల్పోయింది. ఆ కార్లకు యంత్రం వెనుక ఉండేది. ముందు యంత్రమున్న కార్లకు అలవాటుపడినవారు వాటిని మలుపులలో అదుపు చేయలేకపోయేవారు. నలభై అయిదేళ్ళు దాటిన నువోలారి కొద్ది నెలలలోనే వాటిని వశపరచుకొని మోంజాలో ఇటలీ గ్రాండ్ ప్రి, ఇంగ్లండులో డోనింగ్టన్ గ్రాండ్ ప్రి గెలిచాడు. 1939 సెప్టెంబర్ 3న బెల్‌గ్రేడ్ పందెం గెలిచాడు. బ్రిటన్, ఫ్రాన్సు దేశాలు జర్మనీపై యుద్ధం ప్రకటించినది కూడ ఆ రోజే.

యుద్ధానంతరం

యుద్ధం ముగిసేసరికి నువోలారికి యాభై రెండేళ్ళు. ఏళ్ళ తరబడి పీల్చిన ఇంధనపు పొగవల్ల ఊపిరితిత్తులు పాడయ్యాయి. పందెంలో కొన్నిసార్లు ముఖానికి గుడ్డ కట్టుకొని నడిపేవాడు. 1946లో రెండవ కుమారుడు అల్బెర్టో మూత్రపిండాల వ్యాధితో మరణించాడు. ఇద్దరు బిడ్డలూ ఇరవై లోపే పోయిన తరువాత నువోలారి పందేలకు దూరం కాలేదు సరికదా, మరింత పట్టుదలగా తిరిగివచ్చాడు. దీనికి కారణాలు వెతికినవారు చాలామంది ఉన్నారు. కారులో పోతాననే ఈయన కోరుకున్నాడని కొందరు వ్రాశారు. ఈయన నడిపిన తీరు చూస్తే గెలవాలన్న ఆశ తప్ప మరొకటి కనిపించదు. అదే సంవత్సరం టురిన్‌లో చిన్న చిసిటాలియా కారు నడుపుతుండగా చక్రం ఊడి చేతికి వచ్చింది. మిగిలిన ఇనుప కడ్డీని పట్టుకొని నడుపుతూ కారును తీసుకువచ్చాడు.

1947లో మిల్లె మిల్యా తిరిగి ప్రారంభమయింది. నువోలారి చిసిటాలియా 202 కారులో పాల్గొన్నాడు. యంత్రం 1100 సి.సి. మాత్రమే. తనకంటే ఎన్నో రెట్లు శక్తిగల కార్లను వెనుకవేసి పందెంలో ముందున్నాడు. చివరి భాగంలో కుండపోత వాన పడి యంత్రంలోకి నీరు చేరి ఆగిపోయింది. దానిని ఆరబెట్టి తిరిగి నడిపించేలోగా పెద్ద ఆల్ఫా రోమియోలో వస్తున్న బియోందెత్తి ముందుకు పోయాడు. నువోలారి రెండవ స్థానంలో ముగించాడు. జనం బియోందెత్తి పేరుకంటే నువోలారి పేరునే ఎక్కువ జపించారు. బియోందెత్తి మిల్లె మిల్యాను నాలుగుసార్లు గెలిచిన మహాచోదకుడు. ఈ విషయంలో అతనికి కొంత అన్యాయం జరిగిందనే చెప్పాలి.

1948లో ఫెరారీ చివరి క్షణంలో ఇచ్చిన కారుతో మళ్ళీ మిల్లె మిల్యాకు వచ్చాడు. పర్వత దారులలో కారు ఒక్కొక్క భాగమే ఊడిపోసాగింది. ఒక బురద రేకు పోయింది. యంత్రంపై మూత ఎగిరిపోయింది. కూర్చునే పీట ఊడిపోయింది. అయినా అందరికంటే ముందున్నాడు. చివరికి రెజ్జో ఎమిలియా దగ్గర వెనుక కమాను పట్టీ బిగించిన మేకు విరగడంతో ఆగక తప్పలేదు. పందెం మళ్ళీ బియోందెత్తికి దక్కింది.

అదే సంవత్సరం జూన్‌లో మాంటువాలో జార్జియో, అల్బెర్టోల స్మారకంగా ఒక పందెం ఏర్పాటయింది. తండ్రి స్వయంగా పాల్గొని తొలి చుట్లలో ముందు నిలిచాడు. పొగ పీల్చడం వల్ల రక్తం కక్కుకొని కారు దిగిపోయాడు. మూడు వారాలైనా గడవకముందే పాత ప్రత్యర్థి వార్జీ స్విట్జర్లాండులో అభ్యాసంలో కారు బోల్తాపడి మరణించాడు.

నువోలారి చివరి పందెం 1950 ఏప్రిల్ 10న జరిగింది. సిసిలీలో పలెర్మో నగరానికి ఆనుకొని ఉన్న పెల్లెగ్రీనో కొండమీదికి మెలికల దారిలో కారు ఎక్కించే పోటీ అది. చిన్న చిసిటాలియా అబార్త్ కారుతో తన విభాగంలో మొదటివాడుగా, మొత్తం మీద ఐదవవాడుగా వచ్చాడు. పందేలనుండి విరమిస్తున్నట్లు ప్రకటన ఏదీ చేయలేదు. ఆ తరువాత మళ్ళీ పోటీలో కనిపించలేదు.

మరణం

పక్షవాతంతో మంచం పట్టిన నువోలారి 1953 ఆగష్టు 11న మాంటువాలోని స్వగృహంలో మరణించాడు. కోరిక ప్రకారం పసుపుపచ్చ చొక్కా, నీలిరంగు లాగుతోనే ఖననం చేశారు. శవపేటికను ఒక కారు చట్రంపై ఉంచగా అల్బెర్టో అస్కారి, విల్లోరేసి, ఫాంజియో దానిని తోసుకుంటూ నడిచారు. వీరిలో అస్కారి, 1925లో ఎవరి స్థానం కోసం నువోలారిని పరీక్షించారో ఆ అంటోనియో అస్కారి కుమారుడు. వేలాది జనం వెంట నడిచారు. ఆ రోజు మాంటువా జనాభాలో సగమైనా వీధులలో ఉన్నారని అంచనా.

స్మారకాలు

1954 నుండి 1957 వరకు మిల్లె మిల్యా దారిని మాంటువా మీదుగా మళ్ళించి, ఆ చివరి భాగంలో అతివేగంగా వచ్చినవారికి నువోలారి పేర బహుమతి ఇచ్చారు. 1957లో మాంటువా జిల్లాలోనే గ్విదిజ్జోలో వద్ద ఒక కారు ప్రేక్షకులమీదికి దూసుకుపోయి పిల్లలతో సహా పలువురు మరణించడంతో ఆ పందెం నిలిచిపోయింది. టార్గా ఫ్లోరియో కూడ 1977 తరువాత పాత పద్ధతిలో జరగలేదు. 1977 నుండి మిల్లె మిల్యా పేరుతో, 1991 నుండి నువోలారి పేరుతో పాతకాలపు కార్ల యజమానులు యాత్రలు జరుపుతున్నారు. ఇవి వేగపు పందేలు కావు, నిర్ణీత కాలానికి నిర్ణీత స్థలం చేరే పోటీలు. ఫూతా, రాతికోజా కనుమలు ఇప్పటికీ ఆ యాత్రల దారిలో వస్తుంటాయి.

1976లో ఇటలీ గాయకుడు లూచియో దల్లా నువోలారి పేర ఒక పాట పాడాడు. 2003లో ఆటో యూనియన్ వారసత్వ సంస్థ అయిన ఆడి తన ప్రదర్శన కారు ఒకదానికి ఈయన పేరు పెట్టింది. మాంటువాలో నువోలారి ప్రదర్శనశాల ఉంది.